పసుపు బొట్టు డబ్బా

“ఆ నూనె డబ్బా నా కళ్ల ముందు నుంచి తీసెయ్యమ్మా! లేకపోతే పిల్లనెత్తుకుని ఇప్పుడే మా అత్తారింటికి పోతాను!”

హరిచందన అరుపుకి, పెరట్లో నీళ్ల కాగు కింద పుల్లలు ఎగదోస్తున్న నాయనమ్మ రత్నమాణిక్యం ఉలిక్కిపడి లేచింది.

“బాలింతరాలివి, అంత గొంతెత్తకే తల్లీ. పప్పునూనె రాయకుండా పసిగుడ్డుకి నీళ్లు పోస్తారా ఎక్కడైనా? మీ నాన్నకి రాశాను, మీ అత్తకి రాశాను, నీకూ రాశాను. ఒక్కరికి ఒక్క పొక్కు లేచిందా?”

“నువ్వు రాసింది నూనె నాయనమ్మా. ఇదేంటో ఎవరికి తెలుసు?”

పాత పంచె మడతల్లో పాప ఏడ్చి ఏడ్చి గొంతు పోయి కీచుమంటోంది. మెడ ముడతల్లో, చంకల్లో, తొడల సందుల్లో చర్మం ఎర్రగా చిట్లిపోయింది. గుడ్డ తగిలితే చాలు, గిలగిల్లాడుతోంది. కారప్పొడి అన్నంలో అదే నూనె పోసుకుని తిన్న తల్లికి వాంతులు ఇంకా పూర్తిగా కట్టలేదు. పురిటి మంచం మీద కళకళ్లాడాల్సిన పిల్ల, కళ్లు లోపలికి పోయి కూచుంది.

హరిచందన తల్లి ప్రసన్నకుమారి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి చూస్తోంది. మొన్న పిల్లల డాక్టరమ్మ “ఒంటికేం రాస్తున్నారండి?” అని అడిగినప్పుడు తనెంత గొప్పగా చెప్పింది! “స్వచ్ఛమైన నువ్వుల పప్పునూనె మేడమ్. మా క్లాస్‌మేట్ మిల్లుదే. మా కొట్లో అమ్మేదీ అదే.” డాక్టరమ్మ కళ్లద్దాల పైనుంచి ఓ చూపు చూసి, “ముందు అది ఆపండి” అంది. తలుచుకుంటే ఇప్పటికీ మొహం మండుతోంది.

ఇంతలో ముందు గదిలోంచి దొరబాబు గొంతు ఖంగుమంది.

“‘స్వచ్ఛతే ఊపిరిగా, నమ్మకమే పెట్టుబడిగా, తాతల నాటి గానుగను నేటి తరానికి అందించిన మన ఉదయ్‌భాస్కర్...’ ఇక్కడ కొంచెం ఆగాలి. చప్పట్లు పడతాయి.”

అద్దం ముందు నిలబడి రేపటి సన్మానపత్రం చదువుకుంటున్నాడాయన. రేపు ఆదివారం కాలేజీలో పాత విద్యార్థుల సమ్మేళనం. ఉదయ్‌భాస్కర్‌కి ‘వ్యాపార రత్న’ బిరుదు. పత్రం చదివేది ప్రాణస్నేహితుడు దొరబాబు. ఇంట్లో మనవరాలు ఒళ్లు చిట్లి ఏడుస్తుంటే, ఈ మహానుభావుడు చప్పట్లకి చోటు వదులుతున్నాడు.

“ఏవండీ, కాస్త ఇటొస్తారా?” అంది ప్రసన్నకుమారి.

దొరబాబు వచ్చాడు కానీ పాప దాకా రాలేదు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

“తగ్గుతుందిలే. ఎండలు మండిపోతున్నాయి కదా, చెమటకాయలయ్యుంటాయి.”

“చెమటకాయలకీ చర్మం ఊడటానికీ తేడా తెలీదా నాన్నా?” అంది హరిచందన.

“ఇంక ఆ నూనె వాడట్లేదుగా! కొత్త డబ్బా తెచ్చిపెట్టానుగా! మళ్లీ దానికోసం గొడవెందుకు?”

కొత్త డబ్బా తెచ్చిపెట్టాడు. నిజమే. ప్రసన్నకుమారికి ముల్లులా గుచ్చుకుంటున్నదే అది. పాప ఒంటి మీద మొదటి పొక్కు చూపించినప్పుడు ఈయన “అయ్యో, ఏమైంది?” అనలేదు. “ఆ డబ్బా ఎవరు తెచ్చారు?” అన్నాడు.

తెచ్చింది ప్రసన్నకుమారే. ఆయన సమ్మేళనం మీటింగని రాజమండ్రి వెళ్లినప్పుడు ఇంట్లో నూనె అయిపోయింది. కొట్టు నాలుగు ఇళ్ల అవతలే. వెళ్లి, వరసలో ముందున్న డబ్బా ఒకటి చంకనెత్తుకొచ్చింది. మన కొట్టు, మన సరుకు. ఆ మాటే అంటే ఆయన, “నన్నడగాల్సింది” అన్నాడు. మన కొట్లో సరుకు మన ఇంటికి తెచ్చుకోడానికి అడగడమేంటండీ అంటే కొట్టు తాళాలు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్నకల్లా ఇంకో డబ్బా తెచ్చి వంటింట్లో పెట్టాడు. దాని మీద, ఇన్నేళ్లుగా ఆ ఇంటికి వస్తున్న ప్రతి డబ్బా మీదా ఉన్నట్టే, వేలితో దిద్దిన పసుపు బొట్టు ఉంది.

తను తెచ్చిన దాని మీద లేదు.

“వదినా!” గోడ అవతల నుంచి వీరవేణి పిలిచింది.

పక్కింటి వీరవేణి కొప్పులో కనకాంబరాలు తురుముకుని, మొహం వెలిగిపోతూ నిలబడింది.

“మా శ్రీదివ్యని ఈవేళ మధ్యాహ్నానికల్లా డిశ్చార్జి చేస్తారంట వదినా! తల్లీ పిల్లాడూ కులాసా. అన్నట్టు, పప్పునూనె డబ్బా ఒకటి నాకోసం తీసిపెట్టమను అన్నయ్యగారిని. మీ హరిచందనకి ఏది వాడుతున్నారో నాకూ అదే. నువ్వు చెప్పాక ఇంకో నూనె గడప తొక్కనివ్వలేదు నేను.”

నువ్వు చెప్పాక. అవును, ఈ వీధిలో బాలింత ఉన్న ప్రతి ఇంటికీ ఆ నూనె చెప్పింది ప్రసన్నకుమారే. మా క్లాస్‌మేట్‌దండీ, కళ్లకద్దుకుని వాడొచ్చండీ అని.

“చూద్దాంలే వదినా,” అంది. ఏమని చెప్తుంది? వద్దని ఒక్క మాటంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్తే, ఇన్నాళ్లూ అమ్మిందెవరని అడుగుతుంది. వీరవేణి పాటందుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ప్రసన్నకుమారికి తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నంలోగా తేల్చుకోవాలి. శ్రీదివ్య పసివాడితో ఆ ఇంటి గడప తొక్కేలోగా.

*

ఉదయ్‌భాస్కర్‌ది నిడదవోలు. వాళ్ల నాన్న సొంతంగా గానుగాడించి, డబ్బా సైకిలు మీద కట్టుకుని ఊళ్లు తిరిగి నూనె అమ్మేవాడు. బీకాం చదివే రోజుల్లో భాస్కర్ చొక్కా మీద ఎక్కడో ఒక చోట నూనె మరక ఉండాల్సిందే. క్లాసంతా ‘జిడ్డు’ అని పిలిచేది. అతను నవ్వేసేవాడు. ఆఖరి ఏడాది విడిపోయే ముందు క్లాసులో ఉన్న ఆడపిల్లలందరికీ చిన్న చిన్న సీసాల్లో పప్పునూనె తెచ్చిచ్చాడు. “మా నాన్న ఆడించిందండి, తలకి రాసుకోండి” అని, సిగ్గుపడి పారిపోయాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ప్రసన్న మాత్రం ఇంటికి తీసుకెళ్లింది. వాళ్లమ్మ ఆ నూనె అరచేతిలో వేసుకుని వాసన చూసి, “ఈ కుర్రాడు బాగుపడతాడే” అంది.

బాగుపడ్డాడు. మామూలు బాగుపడటమా! తండ్రి పోయాక కరెంటు గానుగ పెట్టాడు, ఆపైన మిల్లు కట్టాడు, ఆపైన లారీలు కొన్నాడు. పెద్దకూతుర్ని భీమవరం ఇచ్చాడు. కొడుకు చింటూ ఎంబీఏ చేసొచ్చి మిల్లు ప్రచారం చూసుకుంటున్నాడు. ఉగాదికి ఊరూరా ఇళ్లలో వేలాడే క్యాలెండర్ మీద దేవుడి ఫోటో కింద భాస్కర్ ఫోటో.

అదే క్లాసులో ఒకరినొకరు చూసుకున్నవాళ్లు దొరబాబూ ప్రసన్నకుమారీ. ఒకటే కులం, రెండు వైపులా కొట్లే, కాబట్టి పెద్దలు కాదనలేదు. వాళ్ల పెళ్లి వంటలకి నూనె భాస్కర్ నాన్న గానుగ నుంచే వచ్చింది. తరవాత తణుకులో భాస్కర్ సరుకుకి డీలర్‌గా దొరబాబు కొట్టు నిలబడింది. ఈ చరిత్రంతా తెలిసిన మనిషి కాబట్టే నిన్న బారసాల పిలుపుకి నిడదవోలు వెళ్లినప్పుడు, ప్రసన్నకుమారి పుట్టింటికి వెళ్లినట్టే వెళ్లింది.

భాస్కర్ భార్య మీనాకుమారి మంచిదే. కాకపోతే ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. బొట్టు పెట్టించుకుని, కాఫీ ఇచ్చి, కొత్తగా కట్టించిన సామాన్ల గది చూపించడానికి తీసుకెళ్లింది. అక్కడ గోడ వారన వరసగా నూనె డబ్బాలు. ప్రతి దాని మీదా పసుపు బొట్టు.

“ఇవి ఇంటి డబ్బాలు వదినా,” అంది మీనాకుమారి. “ఏడాదికోసారి మంచి నువ్వులు తెప్పించి, దగ్గరుండి కడిగించి, ఎండబోయించి, మామయ్యగారి పాత గానుగకి మోటారు బిగించి వేరేగా ఆడిస్తారు మీ అన్నయ్యగారు. మాకు, భీమవరంలో పెద్దమ్మాయికి, మీకు. అంతే. గోడౌన్‌లో కుర్రాళ్లు పొరపాటున అమ్మకం డబ్బా ఇంట్లోకి పంపేస్తారని ఈ బొట్టు పెట్టిస్తారు.”

“అమ్మకం డబ్బా ఇంట్లోకి వస్తే ఏమవుతుంది వదినా?” అంది ప్రసన్నకుమారి.

మీనాకుమారి నాలుక కరుచుకుంది. మొహంలో రంగు దిగిపోయింది.

“ఏమవుతుంది... ఏమీ కాదు. అందరూ తినేదేగా. కాఫీలో పంచదార సరిపోయిందా వదినా?”

కిటికీలోంచి మిల్లు ఆవరణ కనిపిస్తోంది. ‘దీపారాధనకు మాత్రమే’ అని రాసున్న పీపాలు దొర్లించుకొచ్చి, పప్పునూనె డబ్బాలు నింపే షెడ్డులోకి చేరుస్తున్నారు. షెడ్డులోంచి వస్తున్న కంపు నువ్వుల వాసన కాదు. వాసన తెలిసిన ఇంట్లో పుట్టింది ప్రసన్నకుమారి. దీపంలో పోసి వెలిగించే సరుకు, తన మనవరాలి మెడ ముడతల్లో. తన కూతురి అన్నంలో. ఛీ!

తిరుగు రైల్లో కూచుని ఆవిడ భాస్కర్‌ని తిట్టుకోలేదు. వాడి సంగతి తెలిసిపోయింది. నిడదవోలు నుంచి తణుకు దాకా ఒకటే ప్రశ్న. ఈయనకి తెలుసా? తెలీదా?

ఇంటికొచ్చి అడిగేసింది. దొరబాబు తడుముకోకుండా చెప్పాడు.

“బొట్టా? అదా! అది వాళ్లమ్మగారి ఆచారం ప్రసన్నా. కావలసినవాళ్లకి పంపేది దేవుడి దగ్గర పెట్టి పంపుతాడు. అంతే గానీ నూనె ఒకటే.”

“నూనె ఒకటేనా?”

“ఒకటే. అమ్మతోడు.”

అమ్మతోడన్నాడు. ముప్పయ్యేళ్లు కాపురం చేసిన మనిషి, తల్లంటే పడిచచ్చే మనిషి, అంత మాటన్నాక నమ్మకుండా ఎలా ఉంటుంది? నమ్మాలనే ఉంది ఆవిడకి. భాస్కర్ ఈయన్నీ మోసం చేశాడని తేలితే బావుణ్ణని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఎంత దౌర్భాగ్యం! మొగుడు మోసపోయి ఉండాలని మొక్కుకోవడం.

*

పదకొండు దాటాక గుమ్మం ముందు కారాగింది. పాపని చూసి, దొరబాబుకి రేపటి పట్టుబట్టలు పెట్టి వెళ్దామని భాస్కర్ దంపతులు వచ్చారు.

“ఏరా సన్మానకర్తా! పత్రం కంఠతా వచ్చిందా లేదా?” అంటూ ఉదయ్‌భాస్కర్ లోపలికొచ్చాడు. తెల్లటి సిల్కు చొక్కా, బంగారు ఫ్రేము కళ్లజోడు. ఆయనకంటే ముందు సెంటు వాసన గదిలోకి వచ్చింది. ఆనాటి చొక్కా మీది నూనె మరక వెయ్యి రెట్లు నయమనిపించింది ప్రసన్నకుమారికి.

“ఏమ్మా ప్రసన్నా, చిక్కిపోయావేంటి? అమ్మమ్మవయ్యాక ఇంకా సన్నబడుతున్నావే!”

“రండి భాస్కర్‌గారూ. కూర్చోండి.”

మీనాకుమారి మాత్రం ప్రసన్న కళ్లలోకి చూడలేదు. వెండి గిన్నె, పాపకి గౌన్లు బల్ల మీద పెట్టి ఓ మూల కుర్చీలో ఒదిగింది.

“పాపని తీసుకురారా?” అన్నాడు భాస్కర్.

“నిద్రపోతోందండి,” అంది ప్రసన్నకుమారి. పక్క గదిలో హరిచందన తలుపు దగ్గరగా వేసుకుని పాపని భుజాన వేసుకుని తిరుగుతోంది. తలుపు సందులోంచి చెవి ఇటే పెట్టింది.

భాస్కర్ ఫోన్ తీసి, “మావాడు చేసిన రీల్ చూశారా?” అని దొరబాబు తల్లి ముందు పెట్టాడు. అందులో భాస్కర్ పంచె కట్టుకుని, తలపాగా చుట్టుకుని, తెల్లెద్దుని అదిలిస్తూ గానుగ చుట్టూ తిరుగుతున్నాడు. ‘స్వచ్ఛత మా రక్తంలో ఉంది’ అని గుండె మీద చెయ్యేసుకుని చెప్తున్నాడు.

“ఆహా! అచ్చు మీ నాన్నలాగే ఉన్నావయ్యా,” అని మురిసిపోయింది రత్నమాణిక్యం.

“ఎద్దు బావుంది. మీదేనా?” అంది ప్రసన్నకుమారి.

“లేదమ్మా, మొగల్తూరు నుంచి అద్దెకి తెప్పించాడు చింటూ. మచ్చ లేని తెల్లెద్దు దొరకడం ఎంత కష్టమైందో! షూటింగ్ పూర్తవగానే పంపేశాం. మిల్లులో అది ఏం చేస్తుంది?”

గర్వంగా నవ్వాడు. దొరబాబు కూడా నవ్వాడు. అబద్ధానికి ఎద్దుని అద్దెకి తెచ్చుకుని, అది ఓ ఘనకార్యమైనట్టు నవ్వుకుంటున్న ఆ ఇద్దరినీ చూస్తుంటే ప్రసన్నకుమారికి పళ్లు పటపటలాడాయి. వంటింట్లోకి వెళ్లింది.

పొద్దున్న నానబోసిన మినప్పప్పు రుబ్బి సిద్ధంగా ఉంది. మూకుడు పెట్టి గారెలు వేసింది. వేడివేడిగా పళ్లెంలోకి తీసి, అల్లప్పచ్చడితో నలుగురి ముందూ పెట్టింది. ముందుగా అత్తగారికి, తరవాత భాస్కర్‌కి, మీనాకుమారికి, చివర దొరబాబుకి.

“శనివారం కదమ్మా, నేను తినను,” అన్నాడు భాస్కర్.

“శనివారం అన్నం మానేసేది టిఫిన్ తినడానికే కదయ్యా!” అంది రత్నమాణిక్యం. “గారెల దగ్గర ఉపవాసమేంటి, చోద్యం! మీ అమ్మ శనివారం శనివారం గారెలు తినే కదా కాలక్షేపం చేసేది.”

భాస్కర్ నవ్వి గారె చేతిలోకి తీసుకున్నాడు. తుంచాడు.

“తినండి,” అంది ప్రసన్నకుమారి. “మీ సరుకే. మొన్న నేను కొట్లోంచి తెచ్చిన డబ్బా ఉందిగా, పాపకి పడలేదని ఊరికే పారబోస్తామా? దాంతోనే వేయించాను. ఊరంతా తినే నూనె. మీరూ ఓసారి రుచి చూడాలిగా భాస్కర్‌గారూ.”

భాస్కర్ చెయ్యి నోటి దాకా వెళ్లి ఆగింది. మెల్లగా ఆ ముక్క పళ్లెంలో పెట్టేశాడు. “గ్యాస్ట్రిక్ అమ్మా. డాక్టరు వేపుళ్లు వద్దన్నాడు,” అన్నాడు. ఇందాకటి శనివారం ఏమైపోయిందో మరి. మీనాకుమారి పళ్లెం ముట్టుకోనే లేదు. తల వంచుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది.

ఇది తెలిసిన సంగతే. ప్రసన్నకుమారి వాళ్లని చూడటం లేదు. మొగుణ్ణి చూస్తోంది.

తినండి. ఒక్క ముక్క కొరకండి. నూనె ఒకటే అన్నారుగా. నమిలి మింగండి, ఈ జన్మకి ఇంకేమీ అడగను.

దొరబాబు పళ్లెం వంక కూడా చూడటం లేదు. ఆయన కళ్లు తల్లి చేతి మీద ఉన్నాయి. రత్నమాణిక్యానికి చెవుడు లేదు గానీ, కోడలి మాటల్లో ఏముందో ఆవిడకి పట్టలేదు. బోసి నోటికి వీలుగా గారెని అల్లప్పచ్చడిలో మెత్తగా నాన్చి, ముక్క తుంచి, నోరు తెరిచింది.

“అమ్మా, వద్దు!”

దొరబాబు కుర్చీలోంచి లేచిన విసురుకి మంచినీళ్ల గ్లాసు దొర్లిపోయింది. తల్లి చేతిలో ముక్క లాగేసుకున్నాడు. పళ్లెం అందుకుని దూరంగా కిటికీలో పెట్టాడు.

“తినకు. నువ్వు తినకు. నీ ఒంటికి పడదు.”

“అదేంట్రా? మీ భాస్కర్ నూనేగా?” అంది ముసలావిడ అయోమయంగా.

దొరబాబు చేతి వేళ్ల మధ్య గారె నలిగిపోతోంది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడక్కుండానే బయటపడిపోయాడు మనిషి.

ప్రసన్నకుమారి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆ పళ్లెంలో గారె తీసి కొరికింది. నమిలింది. మింగింది. దొరబాబు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

“కంగారు పడకండి,” అంది. “పసుపు బొట్టు డబ్బాలోదే. పొద్దున్నే మూత తీశాను. మా అత్తగారికి ఆ దరిద్రం పెడతానా నేను?”

మీనాకుమారి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్క గది తలుపు తెరుచుకుంది. పాపని భుజాన వేసుకుని హరిచందన గుమ్మంలో నిలబడింది.

“నీకు తెలుసా నాన్నా?”

“అది కాదే...”

“తెలిసే అమ్ముతున్నావా?”

ఉదయ్‌భాస్కర్ గొంతు సవరించుకున్నాడు. “చూడమ్మా హరిచందనా, వ్యాపారమన్నాక అన్నీ ఉంటాయి. అసలు సిసలు పప్పునూనె అమ్మితే కొనేవాడెవడు చెప్పు? జనానికి కావలసింది చవక. నేను కాకపోతే ఇంకోడు. మీకు మాత్రం నేనేనాడూ...”

“మీరు మాట్లాడకండి,” అంది ప్రసన్నకుమారి. గొంతు పెంచలేదు. “మీ నాన్న ఆడించిన నూనె సీసా మా అమ్మ చాన్నాళ్లు దాచుకుంది. మీతో నాకు మాటల్లేవు.”

భాస్కర్ సోఫా మీద పట్టుబట్టల పొట్లం వంక చూశాడు. తీసుకెళ్లాలో, ఉంచాలో తెలియలేదు.

దొరబాబు భార్య వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆ నీళ్లు చూసినా ప్రసన్నకుమారికి జాలి వెయ్యలేదు. ఎవరి ముందో నటిస్తున్నట్టనిపించింది.

“మన ఇంట్లోకి రానివ్వలేదు ప్రసన్నా,” అన్నాడు. “ఒట్టు. ఒక్క చుక్క రానివ్వలేదు. నువ్వే తెలియక తెచ్చావు గానీ, నేనేనాడూ మన గడప దాటనివ్వలేదు. మీ అందరికోసం ఎంత జాగ్రత్తపడ్డానో నీకు తెలీదు.”

అదీ ఆయన చెప్పుకున్న సంజాయిషీ. మన ఇంట్లోకి రానివ్వలేదు! కొట్టుకొచ్చిన ఆడవాళ్లందరికీ నవ్వుతూ అందించి, ఇంటికి మాత్రం బొట్టు చూసి ఏరుకుని తెచ్చుకున్నాడు. పైగా దాన్ని ప్రేమంటున్నాడు. ఇన్నేళ్లూ తను ఆ బొట్టు చూసి, ఎంత భక్తో వీళ్లకి అని చెంపలేసుకున్న సంగతి గుర్తొచ్చి ప్రసన్నకుమారికి ఒళ్లంతా పురుగులు పాకినట్టయింది.

“నిన్న అమ్మతోడన్నారు,” అంది.

“నామీద ఒట్టేశాడా?” అంది రత్నమాణిక్యం. ఆవిడకి ఇప్పటికి కొంచెం కొంచెంగా అర్థమవుతోంది. పచ్చడి అంటిన చేతిని అలాగే గాల్లో పట్టుకుని కొడుకు మొహంలోకి చూసింది. “దేనికి వేశావురా ఒట్టు?”

హరిచందన భుజం మీద పాప మళ్లీ కీచుమని ఏడుపందుకుంది. గౌను పొక్కులకి ఒరుసుకుపోతున్నట్టుంది. తాతగారు అటు చూసి గభాల్న చూపు తిప్పుకున్నాడు.

అప్పుడే వీధిలో ఆటో ఆగిన చప్పుడు. పక్కింట్లో ఆడవాళ్ల నవ్వులు, దిష్టి తీసిన నీళ్లు పారబోసిన చప్పుడు, అప్పుడే లోకంలోకొచ్చిన పసివాడి గొంతు. కాసేపటికి వీరవేణి పరుగులాంటి నడకతో గుమ్మంలోకొచ్చింది. ముంజేతికి కుంకం నీళ్లు ఇంకా ఆరలేదు.

“అన్నయ్యగారూ! మా శ్రీదివ్య వచ్చేసిందండి. మనవడు పచ్చగా పండులా ఉన్నాడు, మీరంతా వచ్చి చూడాలి.” లోపల భాస్కర్‌ని చూసి గుర్తుపట్టి, రెండు చేతులూ జోడించింది. “అయ్యో, క్యాలెండర్ మీద చూసే మనిషి! మీ నూనె లేకపోతే మా వీధిలో పురుళ్లు పొయ్యమండి బాబూ.” మళ్లీ దొరబాబు వైపు తిరిగింది. “సాయంత్రం పిల్లాడికి మొదటిసారి నూనె రాసి నీళ్లు పొయ్యాలి. డబ్బా ఒకటి పంపిస్తారా?”

దొరబాబు గుమ్మం వైపు చూశాడు. ఇన్నేళ్లు కొట్లో కూచున్న మొహం. కళ్లలో తడి ఇంకా ఆరకముందే పెదాల మీదికి నవ్వు వచ్చేసింది.

“అలాగేనమ్మా. దానికేం భాగ్యం? సాయంత్రంలోగా పంపిస్తాను,” అన్నాడు.

ప్రసన్నకుమారి చేతిలో సగం కొరికిన గారె పళ్లెంలో పడేసింది. చెయ్యి పమిటకి తుడుచుకుని ఆయన ఎదురుగా వెళ్లి నిలబడింది.

“దొరబాబూ,” అంది. కాలేజీ వదిలాక, మెళ్లో పుస్తె పడ్డాక, ఆ పేరు పెట్టి ఆవిడ ఆయన్ని పిలవడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. “ఏ డబ్బా పంపిస్తావు?”

వీరవేణి నవ్వు మొహంతోనే ఒకరి తరవాత ఒకరిని చూస్తూ, జవాబు కోసం గుమ్మంలో నిలబడి ఉంది.